కేబుల్ వేశారు సరే, నెట్ ఎప్పుడొస్తుంది? పల్లె ఇంటర్నెట్ బాధ్యత చూసే అధికారులకు బహిరంగ లేఖ

ఢిల్లీలో టెలికాం శాఖ అధికారులకు, డిజిటల్ భారత్ నిధి నడిపేవాళ్ళకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫైబర్ పనులు చూసేవాళ్ళకు, జిల్లా కలెక్టర్లకు,

నమస్కారం.

మాది మార్కాపురం వైపు, నల్లమల అంచున ఉన్న ఊరు. ఇక్కడ నేను చిన్న జిరాక్స్, నెట్ షాపు నడుపుతాను. ఆధార్ డౌన్‌లోడ్, పొలానికి వన్ బీ కాగితం, పిల్లల హాల్ టికెట్లు, కరెంటు బిల్లు, పాన్ కార్డు, ఊళ్ళో ఎవరికి ఏ ఆన్‌లైన్ పని పడ్డా ముందు నా దగ్గరికే వస్తారు. కాబట్టి నెట్ పోతే ఎవరికి ఏం ఆగిపోతుందో నాకు తెలిసినంతగా మీ ఆఫీసుల్లో డ్యాష్‌బోర్డుకు తెలియదు.

ఈ విషయం మీకు కొత్తగా చెప్పడం లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేశాం, మండలంలో చెప్పాం, సోమవారం అర్జీల్లో కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. రసీదు భద్రంగానే ఉంది, నెట్ మాత్రం రాలేదు. అందుకే ఇలా నలుగురికీ కనపడేలా రాయాల్సి వచ్చింది. మా ఊరికి లైను ఇచ్చిన సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే పేరు రాస్తే ఇది మా ఊరికీ ఆ ఒక్క సంస్థకూ మధ్య గొడవ అయిపోతుంది, మీరంతా పక్కకు తప్పుకుంటారు. చుట్టుపక్కల మండలాల్లో వేరే వేరే కంపెనీల లైన్లు ఉన్న ఊళ్ళవాళ్ళు చెప్పేదీ ఇదే కథ.

ముందు మీరు చేసింది ఒప్పుకుంటాను. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. దేశంలో ఉన్న రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు రెండేళ్ళలో ఫైబర్ వేస్తామన్నారు. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. రెండేళ్ళు కాస్తా ఆరేళ్ళయ్యాక, 2017 చివరికి, మొదటి విడతలో లక్ష పంచాయతీలు పూర్తయ్యాయన్నారు. రెండో విడతలో మన రెండు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర ప్రభుత్వాలే పని చేతిలోకి తీసుకున్నాయి. అంతకు ముందే 2016లో కోనసీమలో మోరి అనే ఊళ్ళో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి చూపించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ మూడూ అన్నారు, ఆ రేటు విని మా ఊళ్ళో నమ్మనివాళ్ళే ఎక్కువ. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా వేశారు, మంచి ఆలోచన, రెండోసారి తవ్వే ఖర్చు తప్పింది. 2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్ కోసం మళ్ళీ 1,39,579 కోట్ల రూపాయల ప్రణాళికకు ఒప్పుకుంది. చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో 2 లక్షల 14 వేలకు పైగా పంచాయతీలు 'సేవలకు సిద్ధం'. మాది కూడా ఆ లెక్కలో ఉందనే చెప్తున్నారు. నా గొడవంతా ఇక్కడే. కేబుల్ ఎన్ని కిలోమీటర్లు వేశారో మీరు లెక్కపెడుతున్నారు, ఈరోజు పొద్దున ఎన్ని ఊళ్ళలో నెట్ వచ్చిందో ఎవరూ లెక్కపెట్టడం లేదు. బావి తవ్వించి, చేదా తాడూ ఇవ్వకుండా ఊరికి నీళ్ళిచ్చాం అని రాసుకున్నట్టుంది.

లైను ఎలా చస్తుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది పెద్ద సాంకేతిక రహస్యమేమీ కాదు. మండల కేంద్రం నుంచి మాకు వచ్చేది ఒకటే దారి. రోడ్డు పక్కన కరెంటు స్తంభాల మీద కొంత దూరం, భూమిలో కొంత దూరం. ఆ ఒక్క దారిలో ఎక్కడ తెగినా అక్కడి నుంచి అవతలున్న ఊళ్ళన్నీ చీకటే. రోడ్డు వెడల్పు పనికి జేసీబీ వస్తే తెగుతుంది. మంచినీళ్ళ పైపు లీకైందని పంచాయతీ వాళ్ళు తవ్వితే తెగుతుంది. వానాకాలం ముందు కరెంటు వాళ్ళు తీగలకు అడ్డొచ్చిన చింత కొమ్మలు నరికితే, కొమ్మతో పాటు కేబుల్ కూడా కింద పడుతుంది. నల్లమల కోతుల సంగతి చెప్తే మీరు నవ్వుతారు గానీ, స్తంభాల మధ్య వేలాడే కేబుల్ వాటికి ఉయ్యాల, పైగా కొరికి చూస్తాయి కూడా. తెగిన మరు నిమిషం నా షాపులో గోడకున్న పెట్టెలో ఎర్ర లైటు వెలుగుతుంది.

ఎర్ర లైటు వెలిగాక ఏం జరుగుతుందంటే, ఫోన్ చేస్తే కంప్లయింట్ నంబరు ఇస్తారు. ఒకటి రెండు రోజులకు 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. చూస్తే ఎర్ర లైటు అలానే ఉంటుంది. మళ్ళీ ఫోన్, మళ్ళీ కొత్త నంబరు, మళ్ళీ అదే మెసేజ్. కింద పనిచేసే లైన్ కుర్రాడిని తిట్టి లాభం లేదు, అతనికి బోలెడు ఊళ్ళు, జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, తెగిన తీగలు అతికే స్ప్లైసింగ్ మిషన్ అతని దగ్గర ఉండదు, టౌన్‌లో ఉంటుంది, అదీ వేరే వాళ్ళు పట్టుకెళ్ళి ఉంటారు. అతను వచ్చిన రోజు మాత్రం పని చూడముచ్చటగా ఉంటుంది. పైపొర వలిచి, గాజు పోగును స్పిరిట్‌తో తుడిచి, కొస నున్నగా కోసి మిషన్‌లో పెడితే చిన్న తెర మీద రెండు కొసలూ ఎదురెదురుగా కనపడతాయి, చిటుక్కున ఒక మెరుపు, అతుక్కుపోతాయి. ఒక్కో పోగుకు నిమిషాల పని. ఆ నిమిషాల పని కోసం వారాలు ఎదురు చూడాలి.

ఇక దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెప్తా. ఇది ఏదో కుర్రాళ్ళు రీల్స్ చూసుకోలేకపోతున్నారన్న బాధ అనుకుంటారేమో, కాదు.

1. పింఛన్లు, రేషను. నెల మొదట్లో సచివాలయం వాళ్ళు పింఛను ఇవ్వడానికి ఇంటికే వస్తారు, అది మంచి పద్ధతే. కానీ వేలిముద్రో ముఖమో సరిపోయిందని పైనున్న సర్వర్ చెప్పాలి, ఆ సర్వర్ దాకా సిగ్నల్ వెళ్ళాలి. మా ఎగువ వీధిలో సిగ్నల్ ఉండదు. అందుకని కర్ర పట్టుకుని నడిచే ముసలమ్మను చెయ్యి పట్టుకుని స్కూలు మెట్ల దాకా తీసుకొచ్చి, అక్కడ నిలబెట్టి వేలు పెట్టిస్తారు. ఇంటి దగ్గర పింఛను అంటే ఇదా? 2024 జులై నుంచి పింఛను 4,000 అయింది, దాని మీదే నెలంతా గడిచే ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి, ఒక రోజు ఆలస్యమైతే మందుల షాపులో అప్పు పెట్టాలి. రేషను షాపు దగ్గరా అంతే. మిషన్ తిరుగుతూ ఉంటుంది, లైనులో ఉన్నవాళ్ళు కూలికి పోవాల్సిన టైము దాటిపోతుంది. బియ్యం కోసం ఆ పూట కూలి వదులుకోవాలి.

2. ఉపాధి పని. పని చోట కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలన్న రూల్ 2023 జనవరి 1 నుంచి అన్ని చోట్లా తప్పనిసరి చేశారు. పని జరిగేది కొండ కింద చెరువు దగ్గర, అక్కడ ఫోన్లో ఒక్క గీత కూడా ఉండదు. సిగ్నల్ దొరికినప్పుడు ఎక్కించుకోవచ్చు కదా అంటారు. ఆ దొరికే చోటికి మేటు, అంటే కూలీల హాజరు చూసే ఆవిడ, బండేసుకుని పోవాలి, ఆ పెట్రోలు ఎవరిస్తారు? ఎక్కించాననుకున్న ఫోటో ఎక్కకపోతే ఎండలో మట్టి మోసినవాళ్ళు రానివాళ్ళ కింద లెక్క. కూలి పడలేదని వాళ్ళు తగాదా పడేది మేటుతో, మీతో కాదు. పాపం ఆవిడా ఊళ్ళో ఆడమనిషే.

3. చదువులు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా షాపులో ఎక్కువ ఏడుపులు చూసేది ఈ విషయంలోనే. ఎప్‌సెట్ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి కొద్ది రోజులే గడువిస్తారు. కాలేజీల పేర్లు వరసగా పెట్టుకోవాలి, ఒకటి రెండుసార్లు మార్చుకోవాలి, చివర్లో సేవ్ చేసి ఫ్రీజ్ చెయ్యాలి. ఆ రోజుల్లోనే లైను పోతే పిల్లను తీసుకుని తండ్రి మార్కాపురం బస్సెక్కాలి, అక్కడ నెట్ సెంటర్‌లో ఎవరో తెలియనివాళ్ళు హడావిడిగా పెట్టిన ఆప్షన్లతో నాలుగేళ్ళ చదువు ఎక్కడో తేలిపోతుంది. అదే ర్యాంకు వచ్చిన విజయవాడ పిల్లాడు ఇంట్లో కూర్చుని, అన్నయ్యనో మేనమామనో అడిగి, నింపాదిగా పది సార్లు మార్చుకుంటాడు. ఇద్దరికీ ర్యాంకు ఒకటే. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ పెట్టారు, పరీక్ష కంప్యూటర్ మీద. మా ఊళ్ళో బీఈడీ చేసి ఇంట్లో ఉన్న కోడళ్ళు ఉన్నారు, చంటిపిల్లల్ని వదిలి కోచింగ్‌కు పోలేరు, ఆన్‌లైన్ మాక్ టెస్టులే వాళ్ళకు దిక్కు. సగం ప్రశ్నలకు జవాబులు పెట్టాక చక్రం తిరగడం మొదలైతే, టైము మాత్రం ఆగదు, అయిపోయిందని చూపిస్తుంది. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసుల పేరుతో పిల్లలు గుట్టలెక్కిన సంగతి అందరికీ గుర్తే, అప్పుడు పేపర్లలో ఫోటోలు కూడా వేశారు. ఆ గుట్ట మీదికి ఇప్పటికీ పోతున్నారు, ఫోటో తీసేవాళ్ళే లేరు.

4. వ్యవసాయం. ఏ చేలో ఏ పంట వేశారో రాసుకునే ఈ-క్రాప్‌లో పంట ఎక్కకపోతే బీమా రాదు, ప్రభుత్వం కొనుగోలు చేసేటప్పుడు పేరుండదు. పీఎం కిసాన్‌కు ఈకేవైసీ కావాలి. యూరియా బస్తా కూడా మిషన్‌లో వేలు పెడితేనే ఇస్తారు, అదునులో నెట్ లేకపోతే బస్తాలు షాపులో, పైరు చేలో. మిర్చి రైతు గుంటూరు యార్డులో ఆ రోజు ధర ఎంతుందో చూసుకుని సరుకు ఎత్తాలి, లేకపోతే వాకిట్లోకి వచ్చిన దళారి చెప్పిందే రేటు.

5. ఆరోగ్యం. విలేజ్ క్లినిక్‌లో నర్సమ్మ ఈ-సంజీవని పెట్టి డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తుంది, పనిచేసినప్పుడు నిజంగా ఉపయోగం, బస్సు చార్జీ మిగులుతుంది. మా ఊళ్ళో బొమ్మ కదలదు, మాట ముక్కలు ముక్కలుగా వినపడుతుంది, చివరికి చీటీ రాయించుకోవడానికి టౌన్‌కే పోతారు. మాకన్నా అన్యాయమైన పరిస్థితి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద ఉంది. అక్కడ నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకెళ్ళాల్సిన ఊళ్ళు ఇంకా ఉన్నాయి, 108కి ఫోన్ చేయాలన్నా ముందు ఒకరు సిగ్నల్ ఉన్న చోటికి పరుగెత్తాలి. ఆ ఊళ్ళవాళ్ళ తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు గానీ ఈ లేఖ వాళ్ళను వదిలేసి రాయలేను.

6. అంగన్‌వాడీ టీచర్ పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువులు, హాజరు ఎక్కించాలి. పిల్లలకు గుడ్డు పెట్టే టైములో ఆవిడ ఫోన్ పైకెత్తుకుని వాకిట్లో తిరుగుతుంటుంది.

7. ఊళ్ళో ఉండి పనిచేసుకుందామనుకున్నవాళ్ళు. ఇంటి నుంచే ఉద్యోగం చేసే అవకాశం ఉన్న కుర్రాళ్ళు కొందరు కరోనా తర్వాత ఇక్కడే ఉండిపోదామనుకున్నారు. అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చు, అద్దె మిగులుతుంది, ఆ డబ్బు ఊళ్ళోనే ఖర్చవుతుంది. ఆఫీసు మీటింగ్ మధ్యలో లైను పోయి నాలుగు చివాట్లు తిన్నాక ఒక్కొక్కళ్ళే హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోయారు. ఎప్పటినుంచో వలసలకు పేరుపడ్డ ప్రాంతం మాది, నీళ్ళు లేక పోయేవాళ్ళకు ఇప్పుడు నెట్ లేక పోయేవాళ్ళు తోడయ్యారు.

వీటన్నిటి మీదా ఇంకో విచిత్రం. 2025 జనవరి 30న ఏపీ ప్రభుత్వం వాళ్ళు వాట్సాప్ గవర్నెన్స్ మొదలుపెట్టి, 161 సేవలు ఫోన్లోనే ఇస్తామని చెప్పారు. ఆలోచన మంచిదే, నేనూ వాడాను, పనిచేసింది, టౌన్‌కు పోయినప్పుడు. సేవలన్నీ ఫోన్లోకి తెచ్చినంత వేగంగా ఫోన్లోకి సిగ్నల్ తేలేకపోతే, ఆఫీసు చుట్టూ తిరిగే అవకాశం కూడా పోయి జనం ఎటూ కాకుండా పోతారు.

మీరు చెప్పే జవాబులు నాకు తెలుసు, ఇప్పటికే విన్నాం కాబట్టి.

డిమాండ్ లేదు, కనెక్షన్లు తీసుకోవడం లేదు అంటారు. తీసుకున్నారు. మా వీధిలోనే చాలా ఇళ్ళల్లో పెట్టె గోడకుంది, దాని మీద ఇప్పుడు టీవీ రిమోట్లు, కళ్ళద్దాలు పెట్టుకుంటున్నారు. పనిచేయనిదానికి నెలనెలా డబ్బు కట్టే స్తోమత లేక మానేశారు. మానేసినవాళ్ళను చూపించి డిమాండ్ లేదనడం ఏం న్యాయం?

మొబైల్ డేటా ఉంది కదా అంటారు. నిజమే, దేశంలో నెట్ వాడేవాళ్ళలో వైరు ద్వారా తీసుకునేవాళ్ళు వందకు ఐదుగురు కూడా కష్టమే, మిగతా అంతా మొబైలే. కానీ మా దగ్గర ఉన్న ఒక్క టవరు కరెంటు పోయిన కాసేపటికి బ్యాటరీ అయిపోయి పడుకుంటుంది. ఊరంతా దాని మీదే పడితే సాయంత్రం ఏడయ్యేసరికి మెసేజ్ కూడా పోదు. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రీచార్జి రేట్లు పెంచాయి, ఇంట్లో నలుగురుంటే నాలుగు రీచార్జిలు. ఒక వైరు సరిగ్గా ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోయేది.

శాటిలైట్ వస్తోంది, ఇక ఫైబర్‌తో పనేముంది అని ఒక పెద్దమనిషి అన్నారు. రానివ్వండి, కొండ మీది గూడేలకు అదే దారి కావచ్చు. రోడ్డు మీదున్న మా ఊరికి, కేబుల్ ఇప్పటికే గుమ్మంలోకి వచ్చాక, ఆకాశం వైపు చూడమనడం బాగోలేదు.

డబ్బుల్లేవనే మాట మాత్రం అనకండి. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం పల్లెలకు ఫోను, నెట్ ఇవ్వడం కోసమే వసూలు చేస్తున్నారు. అది 2002 నుంచి ఉన్న నిధి, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. కంపెనీల ఆదాయం అంటే మేం వేసే రీచార్జే కదా. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా మేమే కడుతున్నాం. అడుక్కోవడం లేదు, కట్టినదానికి లెక్క అడుగుతున్నాం.

కోర్టులు కూడా ఈ విషయంలో ముందున్నాయి. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కేరళ ప్రభుత్వం 2023 జూన్‌లో సొంత ఫైబర్ నెట్‌వర్క్ మొదలుపెట్టి పేద కుటుంబాలకు ఉచితంగా కనెక్షన్లు ఇస్తామంది. మేం ఉచితం అడగడం లేదు, తీసుకున్న డబ్బుకు పనిచేసే లైను అడుగుతున్నాం.

మా డిమాండ్లు ఇవి.

1. పంచాయతీల వారీగా నెట్ నెలలో ఎన్ని గంటలు పనిచేసిందో, ఎన్ని గంటలు పోయిందో ప్రతి నెలా బయటపెట్టండి. ఆ కాగితం సచివాలయం గోడకు అంటించండి, గ్రామసభలో చదవండి. 'సేవలకు సిద్ధం' అన్న లెక్క ఆపేసి ఈ లెక్క మొదలుపెట్టండి. మీ పరికరాలు ఎప్పుడు ఆగాయో మీ కంప్యూటర్లలో ఎలాగూ నమోదవుతుంది, కొత్తగా ఖర్చు కూడా లేదు.

2. ప్రతి మండలానికీ ఒక స్ప్లైసింగ్ మిషన్, జీతం సక్రమంగా అందే ఇద్దరు మనుషులు, కొన్ని స్పేర్ పెట్టెలు ఇవ్వండి. 2023 ప్రణాళికలో పదేళ్ళ నిర్వహణ కూడా కలిపారు కదా, ఆ డబ్బులో మా మండలానికి ఎంత, ఎవరికి ఇచ్చారు, వాళ్ళ ఫోన్ నంబరేంటో బోర్డు పెట్టండి. లైను తెగితే రెండు రోజుల్లో బాగుచేయాలి, లేకపోతే ఆ రోజుల డబ్బు మేం అడగకుండానే బిల్లులో తగ్గాలి.

3. మా దగ్గర ఓటీపీ తీసుకోకుండా కంప్లయింట్ మూసేయకండి. గ్యాస్ బండ దింపడానికి కూడా ఓటీపీ అడుగుతున్నారు, దీనికెందుకు అడగరు?

4. తవ్వేముందు కేబుల్ వాళ్ళకు చెప్పాలని 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చారు. మా వైపు జేసీబీ డ్రైవర్లలో దాని పేరు విన్నవాళ్ళు కూడా లేరు. కలెక్టర్లు ఒక పని చేయండి: రోడ్లు, నీళ్ళ పైపుల కాంట్రాక్టర్ల బిల్లులు పాస్ చేసేముందు ఆ యాప్‌లో సమాచారం ఇచ్చినట్టు కాగితం అడగండి. కేబుల్ తెంపితే అతికించే ఖర్చు ఆ బిల్లులోంచే పట్టుకోండి. కొమ్మలు కొట్టే రోజు ముందుగా చెప్పమని కరెంటు వాళ్ళకు కూడా ఒక మాట చెప్పండి.

5. ఒక దారి తెగితే రెండో వైపు నుంచి వచ్చేలా పంచాయతీలన్నిటినీ రింగుగా కలుపుతామని 2023 ప్రణాళికలోనే రాశారు. మా మండలాలకు అది ఎప్పుడు? తేదీ చెప్పండి. అడవి మీదుగా పోవాలి, అనుమతులు రావాలి అంటే, ఎక్కడ ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో అదీ చెప్పండి. పంచాయతీ ఆఫీసులో పరికరం పెట్టిన గది సాయంత్రం తాళం పడుతుంది, ఆ తర్వాత కరెంటు పోయి వచ్చినా స్విచ్ వేసేవాళ్ళుండరు, బ్యాటరీలు ఎప్పుడో పాడైపోయాయి. రింగు వచ్చేలోపు కనీసం బ్యాటరీలు మార్చండి.

6. పల్లెల్లో వైరు ద్వారా బ్రాడ్‌బ్యాండ్ తీసుకునేవాళ్ళకు నెల బిల్లులో సగం, గరిష్ఠంగా 200 రూపాయలు, తిరిగి ఇచ్చే పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టమని టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2021 ఆగస్టులోనే సిఫార్సు చేసింది. ఆ సిఫార్సును అమలు చేయండి. మా రెండు రాష్ట్రాల్లో వెనకబడిన మండలాలతో మొదలుపెట్టండి. అయితే రెండో డిమాండ్ తీర్చకుండా ఇది ఒక్కటే చేస్తే, ఆ డబ్బు కూడా ఎర్ర లైటుకే పోతుంది.

7. ఇది చివర్లో రాశాను గానీ అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే, పైగా దీనికి కేబుల్ అక్కర్లేదు, ఒక్క జీవో చాలు. నెట్ లేని కారణంగా ఎవరికీ పింఛను, రేషను, కూలి, ఎరువు ఆగకూడదు. నెట్ లేని రోజున పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకుని ఇచ్చేయాలి, ఆన్‌లైన్‌లో ఎక్కించడం తర్వాత సిబ్బంది చూసుకోవాలి. పరీక్షల దరఖాస్తులకు, వెబ్ ఆప్షన్లకు చివరి రోజుల్లో మండలంలో లైను పోయిందని తేలితే ఆ మండలం పిల్లలకు గడువు పెంచాలి. పోయిందో లేదో ఎలా తేలుతుందంటే, మొదటి డిమాండ్‌లో అడిగిన లెక్క బయట ఉంటే దానంతటదే తేలుతుంది.

ఈ లేఖ కాపీని సోమవారం అర్జీతో పాటు కలెక్టరేట్‌లో ఇస్తున్నాం. అక్టోబరు 2న గ్రామసభ ఉంటుంది. మా పంచాయతీ లైను గడిచిన ఏడాదిలో నెలనెలా ఎన్ని గంటలు పనిచేసిందో ఆ కాగితం పట్టుకుని ఒక అధికారి ఆ సభకు రావాలి, ఊరివాళ్ళు అడిగినదానికి అక్కడే జవాబు చెప్పాలి. కుర్చీ, మంచినీళ్ళు మేం చూసుకుంటాం. ఎవరూ రాకపోతే, ఏ తేదీన ఏ ఇంట్లో ఎర్ర లైటు వెలిగిందో ఊరివాళ్ళు కాగితాల మీద రాసుకున్నవన్నీ కలిపి, సభ తీర్మానంతో సహా ట్రాయ్‌కూ, మీ పై అధికారులకూ పంపుతాం.

ఇట్లు,
నల్లమల అంచున జిరాక్స్, నెట్ షాపు నడుపుకునే ఒక మనిషి, ఊరివాళ్ళ తరఫున